మూడు నొప్పులు, ఒక జత షూస్

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. విజయవాడలో ఉంటాం, కూర్చుని చేసే ఉద్యోగం. ఎనిమిది నెలల క్రితం మా అపార్ట్‌మెంట్ వాళ్ళతో కలిసి షటిల్ ఆడటం మొదలుపెట్టాను. వారానికి ఆరు రోజులు, పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా డబుల్స్. సిమెంటు నేల మీద మ్యాట్ పరిచిన కోర్టు. మూడు నెలలుగా కుడి మడమ నొప్పి. మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుంటుంది, పది అడుగులు నడిస్తే తగ్గుతుంది. కుడి బొటనవేలి గోరు నల్లబడింది. రెండో గేమ్ అయ్యేసరికి అదే కాలి మూడో, నాలుగో వేళ్ళ మధ్య మంట, తిమ్మిరి. షూ విప్పితే పోతుంది. వాడేవి రన్నింగ్ షూస్, ఎనిమిదో నంబరు. కొన్న రోజున బిగుతుగా ఉన్నాయంటే, ‘వాడగా వాడగా సాగుతాయి సార్’ అన్నారు షాపులో. ఎక్స్‌రే తీసి మడమ ఎముక పెరిగిందన్నారు. మా అత్తగారు ఇటుక కాల్చి, పైన జిల్లేడాకు వేసి మడమ పెట్టమంటున్నారు. మా ఆవిడ ఆటే మానేయమంటోంది. షుగర్ బోర్డర్‌లో ఉంది. మా పాపకు పదకొండేళ్ళు, షటిల్ కోచింగ్‌కి వెళ్తుంది. దానికీ మడమ నొప్పేనట. ఇద్దరికీ ఏ షూస్ కొనాలో చెప్పగలరు.

సమాధానం: మీరు అడిగింది ఏ షూస్ కొనాలని. మీ ఒక్క కాలిలోనే మూడు వేర్వేరు నొప్పులున్నాయి. గోరు నలుపుకు, వేళ్ళ తిమ్మిరికి షూస్ కారణం. ఆ రెండూ సరైన జతతో చాలావరకు పోతాయి. మిమ్మల్ని ఎక్కువ ఏడిపిస్తున్న మడమ నొప్పి మాత్రం పదివేలు పెట్టి కొన్న జతతో కూడా పోదు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం, షాపుకి తర్వాత వెళ్దాం.

మడమ ఎముక అడుగు నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా, విల్లుకు నారి కట్టినట్టు, అరికాలిలో ఒక గట్టి పట్టీ ఉంటుంది. ప్లాంటార్ ఫేషియా అంటారు. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి ఆ పట్టీ రాత్రంతా ముడుచుకుని ఉంటుంది. మంచం దిగి బరువు మోపగానే ఒక్కసారిగా సాగుతుంది. మీరన్న మేకు అదే. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ గుచ్చుతుంది. నేరుగా చూడకుండా నూటికి నూరుపాళ్ళు చెప్పలేను గానీ, ఈ లక్షణాలు విన్నాక నా మనసు వేరే జబ్బు మీదకు పోవడం లేదు. మనవాళ్ళు మడమ శూల అనేది చాలాసార్లు దీన్నే.

ఇక ఎక్స్‌రేలో కనిపించిన ‘పెరిగిన ఎముక’. దాన్ని చూసి భయపడకండి. నొప్పే లేని వాళ్ళకు ఎక్స్‌రే తీసినా ఎందరిలోనో ఆ ముల్లులాంటి ఎముక కనిపిస్తుంది. నొప్పి తగ్గిపోయిన వాళ్ళలోనూ అది అక్కడే ఉంటుంది. దాన్ని కోయాల్సిన, కరిగించాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. కరిగించే మందంటూ ఎవరైనా అమ్మితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

అసలు కారణం మీ ఉత్తరంలోనే రాశారు: ఎనిమిది నెలల క్రితం, వారానికి ఆరు రోజులు. ఏళ్ళ తరబడి కుర్చీలో ఉన్న కాలిని ఒక్కసారిగా వారానికి తొమ్మిది గంటలు దూకించారు. డబుల్స్‌లో మన వైపు కోర్టు 6.7 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత చిన్న చోటులో పరుగు ఉండదు, ఉండేదంతా ఆగడం, తిరగడం, మళ్ళీ దూకడం. అవతలివాడు డ్రాప్ వేస్తే, అంటే కాక్‌ను నెట్ దగ్గరే పడేస్తే, మీరు కుడికాలు ముందుకు చాచి మోకాలు వంచి లంజ్ చేస్తారు కదా, అప్పుడు ముందు నేలను తాకేది కుడి మడమే. ఆ క్షణంలో దాని మీద పడే భారం ఒంటి బరువుకు రెట్టింపు దాటుతుంది. కింద చెక్క ఫ్లోర్ ఉంటే కాస్త తీసుకుంటుంది. మీ మ్యాట్ కింద ఉన్న సిమెంటు ఏమీ తీసుకోదు. పైగా పిక్కలు బిగుసుకుపోయిన వాళ్ళకు ఆ లాగుడంతా మడమ దాటి అరికాలి పట్టీకి చేరుతుంది. కూర్చుని ఉద్యోగం చేసే మనలో పిక్కలు బిగుసుకోని వాళ్ళు ఎవరు చెప్పండి.

మీ ఆవిడ మాటకు, మీ ఇష్టానికి మధ్య ఒక దారి ఉంది. ఆట మానొద్దు, తగ్గించండి. ఆరు రోజులు మూడు చేయండి, అదీ రోజు విడిచి రోజు. ఒక పూట మూడు గేమ్‌లు మించొద్దు. ఎంతవరకు ఆడొచ్చో మీ మడమే చెబుతుంది. ఆడుతున్నప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున మొదటి అడుగు ఎప్పుడూ ఉండేంతే ఉండాలి, ఎక్కువ కాకూడదు. ఎక్కువైతే ముందురోజు ఆట ఎక్కువైందని లెక్క, ఈసారి ఒక గేమ్ తగ్గించండి. ఫ్రెండ్స్ ‘ఒక్క గేమ్ బాస్, మనిషి తక్కువయ్యాడు’ అంటారు. ఆ ఒక్క గేమ్ దగ్గరే నా దగ్గరకొచ్చే సగం మంది కాళ్ళు పాడవుతాయి.

మీరు చేయాల్సినవి రెండు పనులు. మొదటిది, మంచం దిగకముందే కుడిపాదం ఎడమ తొడ మీద పెట్టుకుని, వేళ్ళన్నీ పట్టుకుని మోకాలి వైపుకు వెనక్కి లాగండి. అరికాలిలో తాడులాంటిది బిగుస్తుంది, వేలితో తాకితే తెలుస్తుంది. పది అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. రెండోది, మెట్టు అంచున నిలబడి, టవల్ చుట్టి వేళ్ళ కింద పెట్టుకుని, మడమలు గాలిలో ఉంచి పైకి లేవండి. లేవడానికి మూడు సెకన్లు, పైన రెండు, దిగడానికి మూడు. తొందర పడితే ఫలితం ఉండదు. పన్నెండేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. రెండు కాళ్ళతో మొదలుపెట్టి, సులువైపోయాక ఒంటికాలికి రండి. వారంలో గుణం కనిపించదు. నెలల లెక్కలో ఆలోచించండి. ఇంజెక్షన్ తీసుకుంటే త్వరగా పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది. కానీ ఆ పట్టీ తెగే ప్రమాదం కొంత ఉంది. దూకుతూ ఆడేవాళ్ళకు నేను దాన్ని చివరి వరుసలో పెడతాను.

ఇంకొకటి, ఇది షటిల్ పుస్తకాల్లో దొరకదు. మన ఇళ్ళలో గ్రానైటో టైల్సో, రోజంతా వాటి మీద ఉత్త కాళ్ళతో తిరుగుతాం. కోర్టులో గంటన్నర జాగ్రత్త పడి, ఇంట్లో నాలుగు గంటలు రాతి మీద మడమ మోపితే ఏం లాభం? ఇంట్లోకి మాత్రమే వాడే మెత్తటి చెప్పుల జత ఒకటి కొనుక్కోండి. మంచం పక్కనే పెట్టుకోండి, మొదటి అడుగే అందులో పడాలి. వంటింటి దగ్గర, దేవుడి గది దగ్గర గొడవ వస్తే అక్కడ విప్పేయండి, ఆ నాలుగడుగులకు ఏం కాదు.

మీ అత్తగారి ఇటుక వైద్యం గురించి. వేడి కాసేపు హాయినిస్తుంది, కాదనను. కానీ మీకు షుగర్ బోర్డర్‌లో ఉంది, పాదంలో స్పర్శ కొంచెం తగ్గినా ఇటుక ఎంత కాలుతోందో తెలియదు. జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కిస్తాయి. మడమ మీద పుండు పడితే మడమ శూల కన్నా పెద్ద కథ అవుతుంది. బదులుగా చిన్న వాటర్ బాటిల్ ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, గుడ్డ చుట్టి, సాయంత్రం అరికాలి కింద అయిదు నిమిషాలు దొర్లించండి. అత్తగారికి నేను చెప్పానని చెప్పండి, కోపం నా మీదకు మళ్ళుతుంది.

ఇప్పుడు మిగతా రెండు నొప్పుల దగ్గరకు వద్దాం. షూస్ వల్ల వచ్చినవి ఇవే.

గోరు ఎందుకు నల్లబడిందంటే, లంజ్‌లో మడమ ఆగినా పాదం ఆగదు, షూ లోపల ముందుకు జారి బొటనవేలు గోడకు గుద్దుకుంటుంది. గోరు కింద నెత్తురు గడ్డకడుతుంది. అది చూసి అందరూ చేసే పని, ఒక నంబరు పెద్దది కొనడం. నేనూ ఒకప్పుడు అదే చేసి రెండో గోరు కూడా పోగొట్టుకున్నాను. షూ పొట్టిదైతేనే వేలు గుద్దుకుంటుందని లేదు. పొడవు సరిపోయినా వెనక మడమను పట్టి ఉంచకపోతే పాదం జారుతూనే ఉంటుంది, పెద్ద షూలో ఇంకా వేగంగా జారుతుంది. చిటికెన వేలి పక్కన బిగుతు, మడమ దగ్గర వదులు ఉంటే మీకు కావలసింది వెడల్పు. పొడవు పెంచితే సమస్య అలాగే ఉంటుంది.

మూడో, నాలుగో వేళ్ళ మధ్య తిమ్మిరి కూడా ఆ మాటే చెబుతోంది. ఆ సందులో నుంచి వెళ్ళే సన్నటి నరాన్ని ఇరుకు షూ రెండు పక్కల నుంచి నొక్కుతోంది. విప్పగానే పోతోందంటే నరం ఇంకా ఎక్కువ దెబ్బతినలేదని. ఏళ్ళ తరబడి నొక్కితే అక్కడ ఉబ్బి ముద్దలా తయారవుతుంది, దాన్ని మోర్టన్స్ న్యూరోమా అంటారు, అప్పుడు విప్పినా పోదు. ఒక్కటి గమనించుకోండి. తిమ్మిరి రెండు పాదాల్లో ఒకేలా, రాత్రిళ్ళు పడుకున్నప్పుడు కూడా వస్తుంటే అది షూ పని కాదు, షుగర్ పరీక్ష చేయించుకుని డాక్టర్‌కు చూపించుకోవాలి.

చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఉత్త కాళ్ళతో పెరిగిన మనలో చాలామంది పాదాలు వేళ్ళ దగ్గర విచ్చుకుని ఉంటాయి. షాపులో పెట్టేవి ఎక్కువగా మామూలు వెడల్పువి. యోనెక్స్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్ళలో వెడల్పు రకం కూడా చేస్తాయి, మనం అడగం కాబట్టి వాళ్ళు చూపించరు. అడగండి.

రన్నింగ్ షూస్‌ని ఎందుకు వదలాలో కూడా చెప్పాలి. అవి నేరుగా ముందుకు పోవడానికి చేసినవి. మడమ కింద మందంగా, మెత్తగా, ఎత్తుగా ఉంటుంది. మీరు పక్కకు దూకి ఆగినప్పుడు ఆ మెత్తటి ఎత్తు ఒక పక్కకు ఒరిగి చీలమండ మడత పడుతుంది. రన్నింగ్ షూతో షటిల్ ఆడటమంటే పీట మీద పీట వేసుకుని బొంగరంలా తిరగడమే. కోర్టు షూ నేలకు దగ్గరగా, అంచులు గుండ్రంగా, పక్కలు గట్టిగా ఉంటుంది. కింద జిగురులాంటి పట్టున్న గమ్ రబ్బరు సోల్ ఉంటుంది. చేతిలోకి తీసుకుని వంచి చూడండి. వేళ్ళు వంగే చోట వంగాలి, నడుమ దగ్గర మడత పడకూడదు. బట్ట పిండినట్టు పిండితే తేలిగ్గా మెలిక తిరిగేది వద్దు.

షాపుకి సాయంత్రం వెళ్ళండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, ఆటలోనూ అంతే. ఆడేటప్పుడు వేసుకునే సాక్సే తీసుకెళ్ళండి, షాపువాళ్ళిచ్చే పల్చటి తొడుగులు కాదు. అంతకుముందే ఇంట్లో ఒక పని చేయండి. గోడకు మడమ ఆనించి తెల్లకాగితం మీద నిలబడి, పెన్సిలు నిలువుగా పట్టుకుని రెండు పాదాలూ గీయించుకోండి. కూర్చుని గీస్తే పాదం చిన్నదిగా వస్తుంది. ఎక్కువ మందికి ఒక పాదం పెద్దది, కొనాల్సింది దానికి. కొందరికి బొటనవేలి కన్నా రెండో వేలు పొడుగు, కొలవాల్సింది దాన్ని. ‘నాది ఎనిమిదో నంబరు’ అనే మాట మర్చిపోండి. బ్రిటిష్ నంబరుకు నంబరుకు మధ్య తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పైగా ఒక కంపెనీ ఎనిమిది ఇంకో కంపెనీ ఎనిమిదితో కలవదు. పెట్టె మీద సెంటీమీటర్లలో రాసిన కొలత చూడండి.

అన్నిటికన్నా నమ్మదగ్గ పరీక్ష ఒకటుంది. షూ లోపలి ఇన్‌సోల్ బయటకు తీసి, నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. పాదం పక్కల నుంచి పొర్లి బయటికి వస్తే ఆ జత వదిలేయండి, రంగు ఎంత నచ్చినా సరే. ముందు పొడుగు వేలికీ అంచుకూ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ, దాదాపు ఒక సెంటీమీటరు ఉండాలి. తర్వాత తొడుక్కుని, లేసులు కట్టుకుని, షాపు మధ్యలో నాలుగు లంజ్‌లు చేయండి. నలుగురూ చూస్తారు, చూడనివ్వండి. వేలు ముందు తగిలినా, మడమ పైకి లేచినా అది మీది కాదు. ‘వాడగా సాగుతాయి’ అన్న మాట తోలు చెప్పుల కాలం నాటిది. ఈ సింథటిక్ షూస్ పెద్దగా సాగవు, సాగేది మీ చర్మమే. షాపులో నొప్పిస్తే కోర్టులో ఇంకా నొప్పిస్తుంది.

లేసుల సంగతి చాలామందికి తెలియదు. షూకి పైన, చీలమండ దగ్గర, కొంచెం పక్కకు ఒక రంధ్రం అదనంగా ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తారు. లేసును అదే పక్కనున్న ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి, రెండు పక్కలా అంతే. ఇప్పుడు కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడేయండి. మడమ వెనక్కి అతుక్కుని కూర్చుంటుంది. వేళ్ళ దగ్గర లేసు వదులుగా, పైన బిగుతుగా ఉంచండి. మనం చేసేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. కొత్త జత కొనేలోపు ఈ పూటే మీ పాత షూకి ఇలా కట్టి చూడండి, గోరుకు కొంత ఊరట దొరుకుతుంది.

నల్లబడిన గోటిని ఏమీ చేయకండి. బ్లేడుతోనో సూదితోనో పొడవకండి, షుగర్ అంచున ఉన్న మీకు అస్సలు తగదు. కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. గోటితో పాటు నలుపు ముందుకు జరుగుతూ పోవాలి. జరగకుండా అక్కడే ఉంటే చర్మం డాక్టర్‌కు చూపించండి. గోళ్ళు నేరుగా, పొట్టిగా కత్తిరించుకోండి. ఆట అయ్యాక పాదాల కింద, వేళ్ళ సందుల్లో రోజూ చూసుకోండి.

కొత్త షూస్‌ను కోర్టు బయట వేసుకోవద్దు. దుమ్ము పట్టిన గమ్ సోల్ జారుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పట్టు తిరిగి వస్తుంది. సిమెంటు కోర్టులో సోల్ త్వరగా అరుగుతుంది, అందులోనూ మీరు కుడిచేతి ఆటగాడు కాబట్టి లంజ్‌లో వెనక ఈడ్చుకొచ్చే ఎడమకాలి బొటనవేలి పక్కన ముందు అరుగుతుంది. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తే షూ ఒక పక్కకు ఒరిగిందా, దాని కాలం అయిపోయింది. పైభాగం కొత్తగా మెరుస్తున్నా సరే.

ఎప్పుడు నన్నూ, ఈ ఉత్తరాన్నీ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్ళాలి? వెనక నుంచి ఎవరో పిక్క కింద తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే ఆరోజే వెళ్ళండి. పిక్కను మడమకు కలిపే తాడులాంటి స్నాయువు, ఎకిలీస్ టెండన్, తెగినప్పుడు అలాగే ఉంటుంది, మన వయసులో షటిల్ కోర్టుల్లో అది అరుదేం కాదు. రెండోది, వేలి మొన పెట్టి ‘ఇక్కడే’ అని చూపించగలిగేలా ఎముక మీద ఒక్కచోట నొప్పి, ఆడేకొద్దీ పెరుగుతూ, రాత్రి కూడా సలుపుతుంటే అది ఎముక సన్నగా చిట్లడం కావచ్చు, స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. మన పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాలి నొప్పితోనే ఆడి స్వర్ణం గెలిచింది. తర్వాత ఎడమకాలికి స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలి, ఆ నెలలోని ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుంది. మళ్ళీ కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. ఆమె ఆగింది అయిదు నెలలు, మనం అయిదు రోజులు ఆగలేకపోతున్నాం.

ఇక పాప. పెద్దవాళ్ళ మడమ నొప్పి, పిల్లల మడమ నొప్పి ఒకటి కాదు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ దాకా మడమ ఎముక వెనక భాగం ఇంకా అతుక్కోకుండా పెరుగుతూ ఉంటుంది, దూకుళ్ళకు ఆ పిక్క స్నాయువే దాన్ని లాగితే నొప్పి వస్తుంది. సీవర్స్ అంటారు. పాప మడమను రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కి చూడండి. అక్కడ ‘అబ్బా’ అంటే చాలావరకు అదే, అయినా ఒకసారి పిల్లల ఎముకల డాక్టర్‌తో ఖాయం చేసుకోండి. ఎదుగుదల పూర్తయితే దానంతట అదే పోతుంది. అప్పటిదాకా కోచ్‌తో మాట్లాడి స్కిప్పింగ్, గెంతుడు తగ్గించమనండి, మడమ కింద మెత్తటి హీల్ ప్యాడ్ రెండు కాళ్ళకూ పెట్టండి. కుంటుతూ ఉంటే ఆ రోజు ప్రాక్టీసు లేదు, కోచ్ ఏమన్నా సరే. పిల్లకు షూ కొనేటప్పుడు మాత్రం మనవాళ్ళ అలవాటు వద్దు, అదే, ‘రెండేళ్ళు వస్తాయిలే’ అని రెండు నంబర్లు పెద్దవి తీసి ముందు దూది కుక్కడం. యూనిఫామ్ గౌను అలా కొనొచ్చు, కింద మడిచి కుట్టుకోవచ్చు. షూని మడిచి కుట్టలేం. ఇప్పటి పాదానికి ఇప్పుడు సరిపోయేది, ముందు బొటనవేలి వెడల్పు ఖాళీతో కొనండి. రెండు మూడు నెలలకోసారి ఆ ఖాళీ ఉందో లేదో వేలితో నొక్కి చూస్తుండండి.

మీ రన్నింగ్ షూస్ పారేయక్కర్లేదు. లేసులు ముందుభాగంలో వదులు చేసి, ఇంటి నుంచి కోర్టు దాకా వాటితోనే నడిచి వెళ్ళండి.